నాన్న జీతం

మా అమ్మా నాన్నా ఏటా ఉగాదికి నలుగురి ఎదుటా తాంబూలాలు పుచ్చుకునేవారు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

ఈ మాట చెబితే మా మనవలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మామ్మకి మతి తప్పిందనుకుంటారు. నా మతికేం, నిక్షేపంలా ఉంది. ఆ రోజుల్లో లోకానికే కాస్త తప్పింది. ఆ తాంబూలాలు పెళ్ళివి కావు, పాలేరుతనానివి. మా అమ్మ యజమానురాలు. మా నాన్న ఆవిడ దగ్గర జీతానికి కుదిరిన పాలేరు. ఏడాదికి పన్నెండు రూపాయలు, రెండు పంచెలు, ఒక దుప్పటి, రెండుపూటలా తిండి. ఉగాదినాడు పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని, పాత ఏడాది జీతం ఆయన చేతిలో పెట్టించి, కొత్త ఏడాదికి ఒప్పందం కుదిర్చి, తాంబూలాలు మార్పించి, పచ్చడి తిని వెళ్ళేవారు. ఏ జంటకైనా ఆ ముచ్చట జన్మకి ఒక్కసారే. మావాళ్ళకి ఏటేటా తప్పేది కాదు.

ఎందుకిలా అంటే కొబ్బరితోట కోసం.

మాది ఐనవిల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అమ్మకి ఊహ తెలియకుండానే పెళ్ళయింది, ఊహ తెలిసేసరికి ఆ కట్టుకున్నాయన పోయాడు. అప్పుడు కులపెద్దలు కూర్చుని, మనోవర్తి కింద ఆవిడకి ఒక కొబ్బరితోట, అందులో ఉన్న తాటాకుల ఇల్లు ఇప్పించారు. ఆవిడ పోయినాయన పేరు మీద ఉన్నంతకాలం తోట ఆవిడది. మా కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన మనిషి ఇంకొకడి చేత చీర కట్టించుకుని వెళ్ళవచ్చు. కాకపోతే ఆ చీరతోనే వెళ్ళాలి, మొదటివాడి ఆస్తి ఎక్కడిదక్కడ వదిలేయాలి. అంటే పెళ్ళి చేసుకుంటే తోట పోతుంది, చేసుకోకపోతే పరువు పోతుంది. పరువుకి కాయలు కాయవని మా అమ్మకి తెలుసు.

నాన్నది మురమళ్ళ వైపు. ఉప్పెనలో ఉన్న పొలం చెక్కా ఉప్పుబారిపోతే, చెట్లెక్కే మోకు భుజాన వేసుకుని తోట తోటకీ తిరుగుతూ కొబ్బరికాయలు దింపడానికి మా వైపు వచ్చాడు. ఒక దింపుకి వచ్చినవాడు మళ్ళీ దింపు దాకా ఉండిపోయాడు. ఆ మళ్ళీ దింపు నాటికి ఆడమనిషి ఒంటరిగా ఉన్న తోటలో ఈ మొగమనిషి ఏమిటని ఊరు అడగక ముందే, అమ్మే పెద్దల్ని పిలిచి, "తోటకి కాపలా మనిషి కావాలండి, పాలేరుగా కుదర్చండి" అని అడిగింది. పెద్దలు కుదిర్చారు. తరువాత నేను పుట్టాను. నేనెవరి పిల్లనని ఊళ్ళో ఎవరూ అడగలేదు. కోనసీమ మర్యాద అలాంటిది. తెలియని సంగతే అడుగుతారు గాని తెలిసిన సంగతి అడగరు.

అడగవలసినవారు ఒక్కరున్నారు. పోయినాయన అన్నగారు. లెక్క ప్రకారం నాకు పెద్దనాన్నగారు. తోట మీద ఆయనకి కన్నుండేది, ఉండదా మరి. అయితే మా అమ్మ నడవడి గురించి పంచాయతీ పెట్టాలంటే ఆయన ముందు ఇల్లు కదలాలి. ఏ ఇల్లు కదిలారన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే పొరుగూళ్ళో ఆయనకి ఇంకో కాపురం ఉండేది. అందుచేత నడవడి జోలికి వెళ్ళకుండా, ఎప్పుడో ఒకప్పుడు వీళ్ళు బుద్ధితక్కువై పెళ్ళి చేసుకోకపోతారా అని ఓపికగా కనిపెట్టుకుని ఉండేవారు. మా ఊళ్ళో మా అమ్మ పెళ్ళి కోరుకున్న మనిషి ఆయనొక్కరే.

మా తోట చుట్టూ తాటాకు దడి ఉండేది. నాకు మాటలు వచ్చాక అమ్మ నేర్పిన మొదటి పాఠం ఆ దడి గురించే. దడి లోపల ఆయన నాన్న, దడి బయట పాలేరు. బయట పేరు పెట్టి పిలవాలి, ఎత్తుకోమని మారాం చేయకూడదు. ఆయన పాఠం ఆయనకీ ఉంది. లోపల నన్ను "ఏమే పిల్లా" అనేవాడు. వీధిలో ఎదురైతే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "అమ్మాయిగారండీ, ఎండలో తిరగకండి" అనేవాడు. అమ్మ లోపల "ఏమే", బయట "అమ్మగారండీ". రోజుకి ఎన్నిసార్లు ఆ దడి దాటేవాడో గాని ఒక్కనాడూ నోరు జారలేదు. నేనే ఒకసారి తీర్థంలో తప్పిపోయి "నాన్నా" అని గుక్కపెట్టి ఏడిచాను. చుట్టూ ఉన్న మా ఊరివాళ్ళంతా ఉన్నట్టుండి జీళ్ళ దుకాణం వైపు తిరిగి జీళ్ళ ధర కనుక్కోవడం మొదలుపెట్టారు. నాన్న వచ్చి, "అమ్మాయిగారు జడుసుకున్నట్టున్నారండి" అని నా చెయ్యి పట్టుకున్నాడు. దడి లోపలికి వచ్చేదాకా వదల్లేదు.

ఇక డబ్బు సంగతి. పెళ్ళయిన ఇళ్ళలో డబ్బు దగ్గర దెబ్బలాటలు రావా అంటే వస్తాయి. కాని అక్కడ మొగుడి డబ్బు, పెళ్ళాం డబ్బు అని గొడవ. మా ఇంట్లో పాలేరు డబ్బు, యజమాని డబ్బు కూడా ఉండేవి. ఇద్దరు మనుషులు, నలుగురి వాటాలు. ఎవరికి ఎప్పుడు ఏది లాభమో అప్పుడది బయటికి తీసేవారు. నాన్నకి పెత్తనం కావాలంటే మొగుడు, డబ్బు కావాలంటే పాలేరు. అమ్మ సరిగ్గా దీనికి తలకిందులు. పని చెప్పాలంటే ఆయన పాలేరు, జీతం ఇవ్వాలంటే మొగుడు.

ఉగాదినాడు పెద్దల ఎదుట పన్నెండు రూపాయలూ ఆయన దోసిట్లో పోసేది. పెద్దలు వీధి మలుపు తిరిగారో లేదో, గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేది. ఆయన గొణుక్కుంటూనే మళ్ళీ ఆవిడ చేతిలో పోసేవాడు. ఆ రూపాయలు తమ పుట్టినిల్లయిన చెక్కపెట్టెలోకి పొద్దు గుంకక ముందే చేరేవి.

"ఏడాదంతా చాకిరీ చేసి ఒక్క పూట జీతగాణ్ణి అవుతున్నాను" అనేవాడు నాన్న.

"తిండెవరు పెడుతున్నారు?"

"తిండి ఒప్పందంలో ఉందే."

"పులుసులో ములక్కాడలు ఒప్పందంలో ఉన్నాయా?" అనేది అమ్మ.

ములక్కాడలు ఒప్పందంలో లేవు.  నాన్న నాలుగు రోజుల పాటు ములక్కాడల్ని విస్తట్లో ఒక పక్కకి నెట్టి తినేవాడు.

కాయలు అమ్మడం దగ్గరా ఇదే రామాయణం. దింపిన కాయ దింపినట్టు పడవల వాళ్ళకి అమ్మేద్దామని నాన్న. అటక మీద వేసి, లోపల నీరింకి కురిడీలయ్యాక అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని అమ్మ. అమ్మ మాటే చెల్లింది, తోట ఆవిడది గనుక. ఏడాదికేడాది పోగై ఒక వర్షాకాలంలో అటక దూలం విరిగి కురిడీలన్నీ ధాన్యం కుండల మీద పడ్డాయి. "నే చెప్పలేదూ" అని నాన్న ఒక రోజంతా సంబరపడ్డాడు. మర్నాడు అమ్మ, దూలం ఖర్చు ఆయన జీతంలోంచి కోస్తానంది. కాపలా పాలేరుది గదా, ఇంట్లో ఏది విరిగినా వాడిదే పూచీ అట. పెట్టెలోంచి బయటికే రాని జీతంలో అమ్మ ఎక్కడ కోసేదో, నాన్న దేనికి అంత ఏడ్చేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. కాని ఇద్దరూ పట్టుదలగా రెండు వారాలు మాట్లాడుకోలేదు. మధ్యలో నేనే రాయబారిని. "పాలేర్ని అన్నానికి రమ్మను" అని ఆవిడ, "నాకు ఆకలి లేదని అమ్మగారికి చెప్పు" అని ఆయన.

తరువాత కొన్నాళ్ళకి కాలవ తవ్వకం వచ్చింది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి దొరలు ఆనకట్ట కట్టారని, ఆ నీళ్ళు మా సీమ అంతా పారుతాయని చెప్పుకునేవారు. మట్టి పనికి ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పడేది. నాన్న ఆ మాట విని పార భుజాన వేసుకున్నాడు. జన్మలో మొదటిసారి పెట్టెలోకి తిరిగి వెళ్ళని డబ్బు చూద్దామని. అమ్మ అడ్డు చెప్పలేదు. పెద్దల్లో ఒకాయనకి కబురంపింది, ఏడాది మధ్యలో పాలేరు పని మానేస్తే ధర్మం ఏమిటని. ధర్మం ఏమిటంటే, తాంబూలం తప్పినవాడు కిందటి ఉగాదికి పుచ్చుకున్న జీతం తప్పు కింద వెనక్కి ఇచ్చేయాలి. ఆ జీతం అప్పటికే ఆవిడ పెట్టెలో ఉంది. నాన్న పార దింపేసి, కాలవ గట్టు దాకా వెళ్ళి, తవ్వేవాళ్ళని సాయంకాలం దాకా చూసి వచ్చాడు. ఆ పూట అమ్మ అడిగింది, అంతసేపూ పని మానేసినందుకు ఏం కొయ్యాలని. నాకు నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు.

ఆ కాలవ వచ్చాకే మా తోట ధర పెరిగింది. పెద్దనాన్నగారు మా ఇంటి వైపు రావడమూ పెరిగింది. వచ్చినప్పుడల్లా మంచినీళ్ళు పుచ్చుకుని, కొబ్బరిచెట్ల మొవ్వుల కేసి చూస్తూ, "పాపం, ఎన్నాళ్ళమ్మా ఇలా? మా తమ్ముడు పోయి ఎన్నేళ్ళయింది? ఎవరైనా మంచివాణ్ణి చూసి చీర కట్టించుకోరాదూ" అనేవారు. అమ్మ ముసుగు సర్దుకుని, "మీ తమ్ముడుగారిని మరచిపోలేకపోతున్నానండి బావగారూ" అనేది. నాన్న అక్కడే ఒలుపు గునపం మీద కాయలు ఒలుస్తూ వినేవాడు.

ఇంతలో నాకు సంబంధం వచ్చింది. కాట్రేనికోన వైపు వాళ్ళు. ఇప్పుడు పిల్లవాడికి కట్నం ఇస్తున్నారు గాని, ఆ రోజుల్లో మా కులంలో పిల్లకే ఓలి ఇచ్చేవారు. ముప్ఫై రూపాయలకి మాట కుదిరింది. ఓలి తండ్రి చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాడు తండ్రి. వాడే పీటల మీద కూర్చుని పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతాడు. దాంతో మా ఇంట్లో అసలైన యుద్ధం మొదలైంది.

"ఓలి నేను పుచ్చుకుంటాను" అన్నాడు నాన్న. అన్నం ముందు కూర్చుని, నెమ్మదిగానే అన్నాడు.

అమ్మ గరిటె ఆపింది. "పాలేరుకి ఓలి ఎవరిస్తారు?"

"తండ్రికి ఇస్తారు."

"నలుగురిలో తండ్రినన్నావంటే నన్ను చేసుకున్నట్టే లెక్క. బావగారు దడి దగ్గరే కాచుక్కూర్చున్నారు. తోట పోతుంది."

"పోతే పోనీయే."

"ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న తోటని ముప్ఫై రూపాయలకి పోగొడతావా?"

 "ముప్ఫై రూపాయలకి కాదే" అన్నాడు నాన్న. విస్తరి మడిచి లేచిపోయాడు.

అది డబ్బు తగువు కాదని ఆ పూటే నాకు తెలిసింది. ఇన్నేళ్ళ తగువుల్లో ఏది డబ్బు కోసం, ఏది కాదు అని అప్పటినుంచి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. నా మటుకు నాకు తోట అక్కర్లేదనిపించింది. దడి బయట, ఎండలో, పదిమంది వింటూండగా ఆయన ఒక్కసారి "ఇది నా కూతురండి" అంటే చాలనిపించింది. ఆ మాట అమ్మతో అన్నాను. "నీకు కడుపు నిండి ఉంది కాబట్టి అలా అనిపిస్తోంది" అంది అమ్మ. ఆవిడ అన్నది నిజమే, కాని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఓలి ముట్టే రోజు వచ్చింది. పొద్దున్నే పెద్దలు వచ్చి చాపల మీద కూర్చున్నారు. మా మావగారు ఎర్రగుడ్డ సంచిలో రూపాయలు తెచ్చి తాంబూలం పళ్ళెంలో పెట్టారు. అమ్మ తలుపు చాటున ఉంది, నేను ఆవిడ వెనక. నాన్న పెరట్లో వచ్చినవాళ్ళకి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఆయన ఆ పూట ఉతికిన పంచె కట్టుకున్నాడు. అది చూసి అమ్మ నా వైపు తిరిగింది. ఈ మనిషి అనేస్తాడు, ఈ పూట అనేస్తాడు అని నా చెవిలో అంది.

పెద్దల్లో ముసలాయన గొంతు సవరించుకుని, "మరి ఓలి ఎవరు పుచ్చుకుంటారు?" అన్నాడు.

పెరట్లో గునపం చప్పుడు ఆగింది. నాన్న లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, అరుగు కేసి రెండడుగులు వేశాడు. 

ఆయన నోరు విప్పక ముందే పెద్దనాన్నగారు విప్పారు. "ఎవరేమిటండీ? నేను లేనా? మా ఇంటి పిల్ల. మా తమ్ముడు లేకపోతే ఆ బాధ్యత నాది కాదా?" అని పళ్ళెం తన వైపు లాక్కున్నారు.

అందరం నిర్ఘాంతపోయాం. ఆయన తమ్ముడు పోయిన ఎన్నేళ్ళకి నేను పుట్టానో ఆ అరుగు మీద అందరికీ తెలుసు. ఒకాయనకి దగ్గు వచ్చింది. ఇంకొకాయన కొబ్బరిచెట్టు మొవ్వు చూశాడు. ముప్ఫై రూపాయలు కళ్ళెదుట కనిపిస్తుంటే పెద్దనాన్నగారికి మిగతా లెక్కలు గుర్తున్నట్టు లేవు.

అమ్మ అంతటి తెలివైనదని నాకు అంతకు ముందు తెలియదు, గయ్యాళిదనే తెలుసు. తలుపు చాటునుంచే, ఎంతో వినయంగా అడిగింది. "అయితే బావగారూ, ఇది మీ తమ్ముడుగారి పిల్లేనని మీ నోటితోనే అంటున్నారా అండీ?"

"కాక మరెవరి పిల్లమ్మా?" అన్నారాయన, సంచి మూతి విప్పుతూ.

"పెద్దలంతా విన్నారు కదండీ?"

"ఆయ్, విన్నాం" అన్నారు పెద్దలు. ముసలాయన కళ్ళు మెరిశాయి. ఆయనకి అందింది సంగతి. పోయినాయనకి పిల్ల ఉందంటే తోట ఆ పిల్లదే. తల్లి తరువాత తోట నాకు వస్తుంది. తల్లి చీర కట్టించుకున్నా, కట్టించుకోకపోయినా పెద్దనాన్నగారికి అందులో ఒక కమ్మైనా దక్కదు. అయితే ఆ ముసలాయన గట్టి మనిషి. మాట సగంలో వదలడు. పెరటి వైపు తిరిగి, "ఏమోయ్, నువ్వు ఈ ఇంట్లో ఇన్నేళ్ళనుంచి ఉన్నావు. నీకు తెలియనిదేముంది. ఈ పిల్ల ఎవరి పిల్లో నువ్వు కూడా ఓ మాట చెప్పు" అన్నాడు.

నాన్న ఆ రెండడుగుల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయనకీ తెలిసిపోయింది. ‘నా కూతురు’ అంటే నేను ఆయన దాన్నవుతాను, తోట పోతుంది. కాదంటే తోట నాదవుతుంది, ఆయన ఎన్నటికీ పాలేరే. ఆయన తలుపు వైపు చూశాడు. అమ్మని చూశాడో, నన్ను చూశాడో చెప్పలేను. నేను మాత్రం తల అడ్డంగా ఊపాను, కాదనకు, కాదనకు అని. ఆయన అది చూశాడు కూడా.

తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆయ్. పోయిన అయ్యగారి పిల్లేనండి. అచ్చం ఆరి పోలికేనండి" అన్నాడు.

పోయినాయన్ని ఆయన ఎన్నడూ చూసి ఉండలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ గునపం దగ్గర కూర్చున్నాడు. కాయ మీద కాయ, ఆపకుండా ఒలిచాడు. అక్కడ ఎవరికీ అన్ని కాయలు అక్కర్లేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

పెద్దనాన్నగారికి తను పోగొట్టుకున్నదేమిటో ఇంటికి వెళ్ళాక పెద్దమ్మ చెప్పిందట. రెండు రోజులు మంచం దిగలేదని విన్నాం. కాని మాట పెద్దల్లో పడిపోయింది, ఓలి చేతిలో పడిపోయింది. పీటల మీద కూర్చోక తప్పింది కాదు. నా పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతూ ఆయన ఏడుస్తుంటే, పిల్ల మీద ఎంత మమకారమోనని మా అత్తవారి వైపు వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ కాళ్ళు కడగడానికి నీళ్ళ బిందె మోసుకొచ్చింది నాన్న.

నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు, సారె కావిడి మోయడానికి పాలేరు వెంట రావడం ఆచారం. నాన్న వచ్చాడు. కొత్త కాలవ మీద పడవలో వెళ్ళాం. పడవలో మా అత్తవారి వైపు వాళ్ళున్నారు, అందుచేత దారి పొడుగునా నేను ఆయనకి అమ్మాయిగారినే. వాళ్ళ గుమ్మంలో కావిడి దింపాక మా మావగారు ఆనవాయితీ ప్రకారం ఒక పంచె, మీద ఒక రూపాయి పెట్టి, "తీసుకోవోయ్, పిల్లని జాగ్రత్తగా తెచ్చేవు" అన్నారు. నాన్న రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకి అద్దుకున్నాడు.

"అమ్మాయిగారండీ, ఎల్లొస్తానండి" అన్నాడు.

పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. నాన్నా అనడానికి వీల్లేదు. తల ఊపి ఊరుకున్నాను. నా జీవితంలో చాలా మందికి చాలా మాటలు చెప్పాను, అవసరం లేనివి కూడా చెప్పాను. ఆ పూట చెప్పలేకపోయిన మాట ఒక్కటే.

ఆ తరువాతి ఉగాదికి పుట్టింటికి వచ్చాను. వచ్చేసరికి ఇంట్లో ఇంకో తగువు నడుస్తోంది. ఈసారి పెళ్ళి ఖర్చు తగువు, వాళ్ళ పెళ్ళిది. తోటకి ఇక భయం లేదు కాబట్టి చీర కొని తెమ్మని అమ్మ అడిగింది. మారుమనువుకి చీర మొగవాడు తన సొంత డబ్బుతో కొనాలి. నాన్న దగ్గర డబ్బెక్కడిది? నా జీతాలన్నీ పెట్టెలోంచి తియ్యమన్నాడు. నా పెట్టెలో డబ్బుతో నాకే చీర కొంటే అది పెళ్ళా, సంతా అంది అమ్మ. అయితే కాట్రేనికోనలో ఇచ్చిన ఆ రూపాయి తియ్యమంది. దానికి కాస్త కలిపితే చీర వస్తుంది. ఆయన తియ్యనన్నాడు. ఇంటికొచ్చిన ప్రతి కాసూ గొణుక్కుంటూనైనా ఆవిడకి ఇచ్చినవాడు, ఆ రూపాయి మాత్రం పంచె కొంగున ముడివేసి రొండిని దోపుకుని తిరుగుతున్నాడట. "ఏం చేసుకుంటాడే ఆ రూపాయిని? జల్సా చేస్తాడా?" అని అమ్మ నాతో మొరపెట్టుకుంది.

ఉగాదినాడు ఎప్పటిలాగే పెద్దలు వచ్చారు. జీతం ముట్టింది, తాంబూలాలు మారాయి, పచ్చడి తిన్నారు. ముసలాయన వెళ్తూ వెళ్తూ, "ఈ ఏటికి మాకు వేరే పని చెబుతారేమో అనుకున్నాం" అని అమ్మతో నవ్వుతూ అన్నాడు.

నాన్న దడి తలుపు వేసి లోపలికి వచ్చాడు. రూపాయలు దోసిట్లో పట్టుకుని, ఏటా నిలబడే చోటే గుమ్మం ముందు నిలబడ్డాడు. అమ్మ చెయ్యి చాపలేదు.

"ఏం?" అన్నాడు.

"ఉంచుకో" అంది అమ్మ. "నీ కష్టార్జితమే గదా. వాటితో చీర కొనుక్కురా."

ఇన్నేళ్ళూ ఆ డబ్బు కోసం పోట్లాడిన మనిషి సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

"ఉంచుకుంటే నిజంగా పాలేర్ని అయిపోనూ?" అన్నాడు. "బయట ఎలాగూ అయ్యేను. ఇక్కడ కూడానా? పట్టు."

 అమ్మ చెయ్యి చాపింది. ఆయన పోశాడు. ఆవిడ అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంటూ పెట్టెలో వేసింది. వేస్తూ వేస్తూ ఆయన నడుము కేసి చూసి, "మరి ఆ ముడి?" అంది.

"అది జీతం కాదే" అన్నాడు నాన్న. "ఓలి. మన పిల్లది."

డబ్బు విషయంలో ఆయన మాటకి మా అమ్మ ఎదురు చెప్పకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెట్టె మూసి, ముక్కు చీదుకుని, అన్నం వడ్డించడానికి లేచింది. ఆ పూట ఆయన విస్తట్లో ములక్కాడలన్నీ ఆవిడే ఏరి వేసింది. ఆయన ఒక్కటీ పక్కకి నెట్టలేదు.